కృష్ణాతీరమున మంచినీటి మాట

తెలుగున త్రాగు నీటికి "మంచినీళ్లు" అని పేరు. అతిథి గడప త్రొక్కగనే మనము మొట్టమొదట అందించునవి మంచినీళ్లే. ఆ మాటను దినమునకు పదిమార్లు అనుచునే యుందుము గాని, ఏ నీరు మంచిది, దాని మంచితన మెట్లు తెలియును అని నిలిచి యోచించుట యరుదు. తేటగా నున్నచో మంచిదందుము. తీయగా నున్నచో మఱింత మంచిదందుము. పప్పు చక్కగ నుడికినచో ఇక సందేహమే లేదందుము. మేమును మొన్నమొన్నటి వఱకు అట్లే తలచుచుంటిమి. గడచిన వైశాఖమున కృష్ణ వెంబడి చేసిన ప్రయాణము మా తలపును మార్చినది. ఆ ముచ్చట సోదరీమణులతో పంచుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కృష్ణ సముద్రమున గలియు దివిసీమ మా నివాసము. మా వారి అక్కగారిని నల్లగొండ జిల్లాలో మునుగోడు ప్రాంతపు పల్లె కిచ్చిరి. ఆమె కుమార్తె చదువుకొన్నది, పనిపాటలు తెలిసినది, నెమ్మది గలది. నిరుడు మా యూరి సంబంధ మొకటి మేమే చూచి, పెళ్లివారిని వెంటబెట్టుకొని పోతిమి. పిల్లను చూచి అందఱు సంతసించిరి. ఇంతలో పిల్లవాని మేనత్త "ఏదమ్మా, ఒక్కసారి నవ్వు" అన్నది. పిల్ల నవ్వలేదు, కన్నుల నీరు నింపుకొని లోనికి బోయినది. ఆమె పండ్లపై గోధుమవన్నె చారలు గలవు. తిరుగుదారిలో పెళ్లివారు "గారపళ్ల మాట యట్లుండనిండు. ఆ ఊరివారి నడుములు వంగిపోవునట గదా! ఆ జబ్బు రేపు పుట్టబోవు పిల్లలకు రాదా?" అని మమ్ము అడిగిరి. మధ్యవర్తులమై యుండియు మేము బదులు చెప్పలేకపోతిమి. తెలియకపోవుట యొక్కటియే కారణము కాదు. మా మనస్సున సయితము ఆ సందేహమే యుండెను. ఆ పల్లెకు పోయినప్పుడెల్ల మా నీరు మేము సీసాలతో కొనిపోవుట మా యలవాటు. వదినగారు చూచియు చూడనట్లుండెడివారు.

ఆ సంబంధము తెగనులేదు, ముడిపడనులేదు. ఈ యేడు పిల్లవాని తల్లి "మీరు మఱియొకమారు పోయి, సంగతి చక్కగ తెలిసికొని చెప్పుడు" అని కబురంపినది. బడులకు సెలవు లిచ్చిరి. "ముందు సంగమేశ్వరమును, శ్రీశైలమును సేవించుకొని, కృష్ణ వెంబడి దిగుచు అక్కయ్య ఇంటికి పోదము. నీటి సంగతి యేటినే అడుగుదము" అని మా వారనిరి. మా చిన్నదానిని గూడ వెంటబెట్టుకొని బయలుదేరితిమి.

కర్నూలు చేరి, ఆత్మకూరు మీదుగ సంగమేశ్వరము పోతిమి. శ్రీశైలము జలాశయము నిండినప్పుడు ఈ యాలయము నీట మునిగి యుండును. వేసవిని నీరు తీసిన పిదపనే దర్శనము. ఇచ్చటి లింగము రాతిది కాదు, వేపమ్రానిది. ధర్మరాజు ప్రతిష్ఠించెనని స్థలపురాణము. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి అను నేడు నదులు గలియు చోటని దీనికి ప్రఖ్యాతి. చుట్టును ఎండిన ఒండ్రునేల పగుళ్లువారి యుండెను. నీరు వెనుకకు తగ్గిన రాళ్లపై అచ్చటచ్చట తెల్లని పొర కనబడినది. మా చిన్నది దానిని గోటితో గీకి "ఇది యేమి?" అని అడిగినది.

"ఏటిలో కరిగియున్న రాయి" అని మా వారు చెప్పిరి.

"రాయి నీట కరగునా?"

ఆ ప్రశ్న చిన్నదానిదే గాని, బదులు మాకును క్రొత్తగనే తోచినది. వానచినుకు దిగునప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత గ్రహించును. నేలలో నింకునప్పుడు మఱికొంత గ్రహించును. అందుచే వాననీటికి మిక్కిలి స్వల్పమైన పులుపు గలుగును. ఆ పులుపు కొండను వేలయేండ్ల తరబడి కొఱుకుచు, అందలి సున్నమును, మగ్నీషియమును, ఇతర లవణములను తనలో కలుపుకొని యేటికి తెచ్చును. చారులో వేసిన యుప్పు కంటి కగపడదు గాని లేకపోలేదు గదా! నదిలోని రాయియు నట్టిదే.

ఇట్లు చూచినచో ఏడు నదుల సంగమ మనగా ఏడు నేలల సంగమము. కృష్ణ మహాబలేశ్వరమున పుట్టి, మహారాష్ట్రపు నల్లరాతి నేలపై చాలదూరము పారి, పిదప భీమను కలుపుకొనును. ఆ రాయి పూర్వము భూగర్భమునుండి వెలువడిన ద్రవము పేరుకొనగా నేర్పడినది. అందు సున్నము, మగ్నీషియము హెచ్చు. తుంగయు భద్రయు వానలు మెండుగ గురియు పడమటి కనుమలలో, సులభముగ కరగని పురాతనపు రాళ్లపై పుట్టినవి. అందుచే వాని నీరు తేలిక. "గంగాస్నానము, తుంగాపానము" అని పెద్దలనుట కిదియే యాధారము కాబోలు. భవనాశి నల్లమల యడవిలోనిది. ఇన్ని నేలల సారము నొకచోట చేర్చుకొని యీ నది రమారమి 1,400 కిలోమీటర్లు పారును. నాలుగు రాష్ట్రములలో దీని పరీవాహకప్రదేశము 2,58,948 చదరపు కిలోమీటర్లు. ఇంత నేలపై బడిన చినుకులలో ఆవిరికాక, ఇంకక, వాడుకకు బోక మిగిలినదంతయు తాను తాకిన రాతిని కొంచెముగ మోసికొనియే సముద్రమునకు దిగవలెను.

మా యమ్మగారు వర్షాకాలపు ఎఱ్ఱనీటిని చిల్లగింజతో తేర్చెడివారు. గింజను రాతిపై అరగదీసి బిందెలో కలిపినచో, తెల్లవారునప్పటికి బురద అడుగున దిగి నీరు అద్దమువలె నుండెడిది. దీనినే సంస్కృతమున కతకమందురు. సుశ్రుతసంహిత కలుషజలమును తేర్చు నేడు సాధనములను పేర్కొనుచు దీనికి మొదటి స్థాన మిచ్చినది. కతకము పేరు తలచినంతనే నీరు తేరదని మనుస్మృతియు చెప్పినది. ఆ బుద్ధి యీ విషయమునకును అన్వయించును. పుణ్యనది పేరు చెప్పినంతనే నీరు మంచిది కాదు. అంతే కాదు, చిల్లగింజ బురదను దింపును గాని కరిగిన లవణమును దింపలేదు. తేర్చుట వేఱు, శుద్ధిచేయుట వేఱు.

ఇంకొక వింత. వరదకాలపు ఎఱ్ఱనీట బురద హెచ్చు గాని, వాననీరు విస్తారముగ గలియుటచే కరిగిన లవణములు తక్కువ. వేసవిలో నీరు తేటపడును గాని, ఆవిరి పోగా లవణములు చిక్కబడును. కావున కంటికి నచ్చిన వైశాఖపు నీటిలోనే రాతిపాలు హెచ్చు. కన్ను చెప్పు తీర్పును నమ్మరాదని యీ సంగమముననే మాకు మొదటి పాఠమైనది.

శ్రీశైలమున మల్లన్నను, భ్రమరాంబను దర్శించి, పాతాళగంగలో స్నానమాడి, మార్కాపురము మీదుగ మాచెర్ల చేరితిమి. ఇది పలనాడు. శ్రీనాథమహాకవి యీ సీమలో గ్రుక్కెడు నీటికై వేసారి పరమేశ్వరునే నిలదీసెనని చాటువులు లోకమున ప్రసిద్ధములు. నేడు సాగరు కాలువల మూలమున నాటి కరువు లేదు గాని, బావినీటి స్వభావము మాఱలేదు. ఇచ్చటి నేల సున్నపురాతిది. ఇండ్లకు పఱచు నాపరాళ్లు, సిమెంటు కార్ఖానాలు దానిచే బ్రదుకునవే. మేము దిగిన సత్రములో వంటకత్తె కందిపప్పు పొయ్యిమీద బెట్టి, గంట గడచినను మెదుగక, కొంగుతో చెమట తుడుచుకొనుచు "ఈ బోరునీళ్లతో పప్పు ఉడకాలంటే యజ్ఞం చెయ్యాలమ్మా" అన్నది. కడపట చిటికెడు తినే సోడా వేసినది.

ఆమె బాధకు కారణము కరిగిన సున్నమే. అది పప్పు పైపొరను పట్టుకొని గట్టిపఱచును. సబ్బుతో కలిసి నురుగు రానీయక తెట్టుగ మాఱును. కాగు లోపల తెల్లని గార కట్టును. ఇట్టి నీటిని కఠినజల మందురు. కాచి చల్లార్చినచో కాఠిన్యములో నొకపాలు గారగ దిగిపోవును. మిగిలినది కాచినను పోదు. సోడా వేసినచో సున్నము విఱిగి పప్పుడుకును గాని, పప్పులోని జీవసత్త్వము కొంత నశించును. పప్పును ముందుగ నానబెట్టుట, వీలైనచో వంటమట్టుకు ఏటినీరు వాడుట మేలు. కఠినజలము వంటకత్తెకు విరోధియే గాని, దాని కాఠిన్యము మాత్రముచే దేహమునకు పెద్ద కీడు గలుగునని నిర్ధారణ కాలేదు. రుచింపని నీరెల్ల చెడ్డది కాదని యిది రెండవ పాఠము.

నాగార్జునసాగరపు ఆనకట్టపై నొక సాయంకాలము నిలిచి చూచితిమి. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967లో ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు వదలిరి. కుడివైపు కాలువ పలనాటివైపు, ఎడమవైపు కాలువ నల్లగొండ దిక్కునకును పోవును. "అక్కయ్య గారి ఊరికి ఈ కాలువ ఎంత దూరము?" అని మేమడిగితిమి. "దూరము కాదు, ఎత్తు. మునుగోడు మెరక. నీరు పల్లమెఱుగును" అని మా వారనిరి. ఇంత జలరాశి కనుచూపు మేర నుండగా మెరకనున్న పల్లెలు నలుబదియేండ్లకు పైగా భూగర్భపు నీటినే నమ్ముకొన్నవి. తక్కిన కథ యంతయు ఆ యెత్తులోనే యున్నది.

మఱునాడు వదినగారి ఇల్లు చేరితిమి. ఆమె వాకిట నిలిచి యుండిరి. "అక్కయ్యా" అని మా వారు ప్రక్కనుండి పిలువగ, మెడ త్రిప్పలేక దేహమంతయు త్రిప్పి తమ్ముని చూచిరి. నడుము నిరుటికంటెను వంగినది. షష్టి నిండని యామె నూతిగట్టు చేరుటకు గోడ పట్టుకొనవలసి వచ్చుచున్నది. కాళ్లు కడుగుకొన నీళ్లిచ్చి, త్రాగుటకు చెంబు అందించిరి. మా సంచిలో సీసా యున్నది. ఈ మారు దానిని తీయలేదు. చెంబు పుచ్చుకొని "ఏ నీళ్లు వదినగారూ?" అని మాత్రము అడిగితిమి. "నల్లానీళ్లే తల్లీ, కృష్ణనీళ్లు. నీకు బాయినీళ్లు ఇస్తానా!" అనిరి. త్రాగితిమి. మన వైపు కుళాయి యనునది అచ్చట నల్లా, మన బావి అచ్చట బాయి. నలుబదియేండ్ల కాపురమున వదినగారి మాట సగము అచ్చటిదైనది.

భోజనములైన పిదప నూతిగట్టున గూర్చుంటిమి. "ఈ బాయి మీ అన్నయ్యగారి తాతల నాటిది. నీళ్లు తేనెలెక్క ఉండేవి. పప్పు ఇట్లా వేస్తే అట్లా ఉడికేది. ఊరంతా మా ఇంటికే వచ్చి తోడుకపోయేది. ఆ నీళ్లే ఇట్ల చేసినయంటే నమ్మబుద్ధి కాలేదమ్మా" అని వదినగారనిరి. మాకు మాచెర్ల పప్పు జ్ఞాపకము వచ్చినది. అచ్చట పప్పుడుకని నీరు పెద్ద కీడు చేయదు. ఇచ్చట పప్పు నుడికించిన నీరు నడుము వంచినది. ఇదేమి విపరీతము?

దీనికి బదులు చెప్పినది వదినగారి కుమార్తెయే. ఆమె యిప్పుడు ఊరిలో నీటిపరీక్ష నేర్చిన స్త్రీలలో నొకతె. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ నియమముల ప్రకారము ప్రతి గ్రామమునను అయిదుగురు స్త్రీలకైన ఈ పరీక్ష నేర్పవలెను. ఆమె చెప్పిన తెఱగిది. నల్లగొండ నేల గ్రానైటు రాతిది. అందలి కొన్ని ఖనిజములలో ఫ్లోరైడు గలదు. నీరు రాతి పగుళ్లలో ఎంత లోతున, ఎంతకాలము నిలుచునో అంతగ ఫ్లోరైడు దానిలోనికి దిగును. నీట సున్నము మెండుగ నున్నచో అది ఫ్లోరైడును పట్టి క్రిందికి దింపును. కాని వానలు తక్కువై ఎండలు హెచ్చైన యీ మెరకనేలలో సున్నము మట్టిలోనే తెల్లని గడ్డలుగ పేరుకొనిపోవును, నీట మిగులదు. అందుచే నీరు మృదువగును, పప్పుడుకును, నాలుకకు తీయన. పట్టువా రెవరును లేని ఫ్లోరైడు మాత్రము ఆ నీట స్వేచ్ఛగ నిలుచును. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మృదుజలమెల్ల విషము కాదు. కాని నాలుక మెచ్చినంతనే నీరు మంచిదనరాదు.

కొలత చూడుడు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించరాదనియు, వేఱు గతి లేనప్పుడు 1.5 వఱకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము. స్వల్పముగ నున్నచో పండ్లకు మేలే చేయును. 1.5 దాటినచో పెరుగుచున్న పిల్లల పండ్లపై చారలు దిగును. 3 మొదలు 6 వఱకు నున్న నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకలు బిగియును. 10 దాటినచో మనిషి వికలాంగుడగును. ఔషధమునకు విషమునకు భేదము మాత్రలోనే గలదని మన వైద్యులు చెప్పుమాట ఇచ్చట నీటికే వర్తించినది.

ఈ వ్యాధి మన దేశమున మొదట గుర్తింపబడినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాకు చేరిన పొదిలి, దర్శి ప్రాంతములలో. అనగా తెలుగునేలపైననే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పండితులు 1970 దశకమున నల్లగొండ పల్లెలలో పిల్లల మోకాళ్లు లోనికి వంగుటను పరిశోధించి లోకమునకు తెల్పిరి. ఆ దశకముననే నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనాసంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును దింపు పద్ధతిని కనిపెట్టిరి; దానికి "నల్లగొండ విధాన"మని పేరు. ఊరి పేరు విద్యకు వచ్చినది గాని, విద్య యూరికి నిలిచి రాలేదు. దినదినము మందు కలిపి బురద తీయుట పల్లెలలో సాగలేదు. 1996 లోక్‌సభ యెన్నికలలో నల్లగొండ స్థానమునకు 480 మంది నిలిచిరి. గెలుచుటకు కాదు, మా నీటి గోడు వినుడని చెప్పుటకు. ఓటుకాగితము పుస్తకమంత యైనదట. కడకు 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ మూలమున కృష్ణనీరు గొట్టములలో మెరకకెక్కి వదినగారి వాకిట దిగినది.

"జబ్బు పిల్లలకు రాదా?" అను ప్రశ్నకు బదులు ఆ వాకిటనే యున్నది. వదినగారి పండ్లు తెల్లనివి. ఏలనన ఆమె బాల్యము దివిసీమలో కాలువనీటితో గడచినది. పెళ్లియై వచ్చిన పిదప త్రాగిన బావినీరు ఆమె ఎముకలను పట్టినది. కుమార్తె పండ్లు చారలువారినవి. పండ్లు చిగుళ్లలో రూపొందు ఎనిమిదేండ్ల లోపున ఆమె త్రాగినది ఆ నీరే. పుత్రుని కుమారుడు కృష్ణనీరు వచ్చిన పిమ్మట పుట్టినవాడు. ఏడవ యేట పాలపండ్లూడి వచ్చిన క్రొత్తపండ్లు జాజిమొగ్గలవలె నున్నవి. రక్త మొక్కటియే, ఇల్లొక్కటియే. నీరు మాత్రము వేఱు. ఇది తల్లినుండి బిడ్డకు దిగు వ్యాధి కాదు, తాకుటచే సోకునదియు కాదు. కేవలము బిందెనుండి వచ్చునది. గారపళ్లని మనమందుము గాని, ఇది కాగులోని గారవలె పైన బట్టినది కాదు, పంటిలోనే యున్నది. తోముకొననందున వచ్చెననుట అన్యాయము.

అయినను ఆ యింట నొక లోపము కనబడినది. త్రాగుటకు నల్లానీరు, వంటకు మాత్రము బోరునీరు. "పప్పుకు ఆ నీళ్లే మంచిగుంటయి. మరిగినంక ఏముంటది?" అని వదినగారి మతము. మేనకోడలు చిన్నపెట్టె తెచ్చి, రెండు గాజుగొట్టములలో రెండు నీళ్లు పోసి, మందుచుక్కలు వేసినది. నల్లానీరు గులాబివన్నెతో నిలిచినది. బోరునీరు చూచుచుండగనే పసుపువన్నెకు తిరిగినది. ఫ్లోరైడు హెచ్చినకొలది అట్లు తిరుగునట. తరువాత ఆ బోరునీటినే కాచి చల్లార్చి మరల పరీక్షింపగా పసుపు మఱింత ముదిరినది. కాచినందున నీరు ఆవిరియైనది గాని ఫ్లోరైడు పోలేదు. మిగిలిన నీట చిక్కబడినది. అన్నము, పప్పు, చారు ఆ నీటిని పీల్చుకొనును గదా! వదినగారు చాలసేపు ఆ గొట్టమును చూచి "ఇన్నేండ్లు నా చేతులతోనే వండిపెట్టిన్నా?" అనిరి. ఆ మాటకు మాలో నెవరికిని నోరు రాలేదు. తరువాత మేనకోడలే "తెలిసినంక మానుదామమ్మా" అని తల్లి చేయి పట్టుకొన్నది. ఆ రాత్రి వంట నల్లానీటితో జరిగినది.

పడుకొనబోవునపుడు ఆ పిల్ల మాతో "అత్తయ్యా, నా పండ్లు చూసి వెనక్కు పోయినోళ్ల మీద నాకు కోపం లేదు. మా నీళ్ల సంగతి అడగకుండా పోయినరు, అదే బాధ" అన్నది. సంచిలోని సీసా మాకు ములుకువలె తోచినది. నిరుడు బదులు చెప్పక యూరకుండినందుకు ఆమెను మన్నింపుమని కోరితిమి.

తిరుగుప్రయాణమున మిర్యాలగూడ మీదుగ వాడపల్లి వచ్చితిమి. ఇచ్చట మూసీ కృష్ణలో గలియును. సంగమమున అగస్త్యేశ్వరుడు కొలువై యున్నాడు. మూసీ తెచ్చునది కొండరాతి సారము కాదు, హైదరాబాదు మహానగరపు కాలుష్యము. ప్రకృతి చేసిన దోషమునకు మందు వెదకుచున్నాము. మనుష్యులు చేయు దోషమును మానుట మన చేతిలోనిదే గదా!

బెజవాడలో ప్రకాశము ఆనకట్ట దాటితిమి. 1855లో ముగిసిన పాత ఆనకట్టకు మారుగ 1957లో దీనిని నిర్మించిరి. ఇచ్చటినుండి నీరంతయు కాలువల బట్టును. వేసవిలో ఏటిపాయలో సముద్రమునకు పోవునది స్వల్పము. ఏటిధార తగ్గినకొలది కడలి ఎదురెక్కును. సముద్రజలమున లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణము గలదు. త్రాగునీటిలో కరిగిన పదార్థము లన్నియు కలిసి 500 మిల్లీగ్రాములలోపున నుండుట మేలు, గత్యంతరము లేనప్పుడు 2,000 కడపటి హద్దు. కావున కడవెడు మంచినీట చెంబెడు సముద్రము గలిసినను అది మంచినీరు కాజాలదు. మా దివిసీమలో బావి త్రవ్వినచో చాలచోట్ల ఉప్పునీరే. కాలువనీటితో నింపిన చెఱువులే మాకు శరణ్యము. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చి వేలకొలది జనమును పొట్టనబెట్టుకొన్నప్పుడు ఆ చెఱువులును సముద్రమే యైనవి. బ్రదికినవారు దాహమునకు తల్లడిల్లిన సంగతి మా అత్తగారు నేటికిని చెప్పుచుందురు. ఆ దినములలో "ఉప్పునీటి ఊరికి పిల్లనిత్తుమా" అని మెరకవారు మా వైపు సంబంధములు మానుకొనెడివారట! నేడు మెరక పిల్లను చూచి మేమే వెనుదీయుచున్నాము. నది తలను కఠినము, నడుమ ఫ్లోరైడు, తోకను ఉప్పు. ఎవరి నీరు చూచి ఎవరు నవ్వవలెను?

హంసలదీవి ఇసుకపై నిలిచి సాగరసంగమమును చూచి ఇల్లు చేరితిమి. సోదరీమణులకు మేము నేర్చిన నాలుగు మాటలు మనవి చేయుచున్నాము. మీ నూతినీటిని, బోరునీటిని ఏడాదికి రెండుమార్లు, వానలకు ముందొకమారు వెనుకొకమారు పరీక్ష చేయింపుడు; గ్రామీణ నీటిసరఫరా శాఖవారి ప్రయోగశాలలు జిల్లాలలో గలవు. ఫ్లోరైడున్న నీరు కాచినను, వడగట్టినను, పటికముక్క త్రిప్పినను బాగుపడదు. అట్టిచో త్రాగుటకే కాదు, వంటకును వేఱు నీరు వాడుడు. బోరునీరు స్నానమునకు, గిన్నెలకు పనికివచ్చును. పిల్లలకు, గర్భవతులకు పాలు, మజ్జిగ, రాగులు, ఆకుకూరలు, ఉసిరిక సమృద్ధిగ పెట్టుడు. సున్నపుపాలు చక్కగ నున్న దేహమున ఫ్లోరైడు బాధ కొంత తగ్గును. శుద్ధియంత్రము కొన్నవారు దానిలోని పొరను కాలము దప్పక మార్చుడు. గొట్టపునీరు రెండుమూడు దినములు నిలిచినచో పాతబోరునకు పోకుండుటకై నాలుగు బిందెల నీరు నిలువయుంచుకొనుడు.

పిల్లవాని తల్లికి ఉత్తరము వ్రాసితిమి. "జబ్బు పిల్లది కాదు, బావిది. బావి మానిరి. ఆ యింటి నీరు మేము త్రాగితిమి, మా చిన్నదానికిని త్రాగించితిమి. పిల్ల పండ్లపై చారలున్నవి, అవి పోవు. ఆమె బిడ్డలకు అవి రావు. మీకిష్టమైనచో ఈ మారు మీరే వచ్చి, ఆమె చేత మన యూరి నీటికిని పరీక్ష చేయించుకొనుడు" అని వ్రాసితిమి. బదులు ఇంకను రాలేదు. వచ్చినను రాకున్నను, ఇకమీద ఎవ్వరింటికి పోయినను మా సీసా మాతో రాదు. ఏ నీరని అడుగుట మాత్రము మానము.